కలర్ మీటర్ లేకుండా మానిటర్ రంగులు కంటితో సరిచేసుకోవచ్చా?

బరంపురం పట్టు
మాది బరంపురం. ఇక్కడి నేతవాళ్ళ దగ్గర పట్టుచీరలు తీసుకుని, ఫోటోలు పెట్టి ఇచ్ఛాపురం, శ్రీకాకుళం వైపు వాట్సాప్‌లో అమ్ముతుంటాం. పేచీ అంతా రంగు దగ్గరే. నా మానిటర్‌లో నిండు మెరూన్ అనుకుని పంపింది ఫోన్లో ఇటుక రంగులా కనిపిస్తోంది, "ఫోటోలో ఒకటి, పార్సిల్‌లో ఒకటి" అని వెనక్కి పంపేస్తున్నారు. రంగులు కొలిచే పరికరం ఇప్పట్లో కొనలేను. కంటితోనే మానిటర్‌ని దారికి తెచ్చే పద్ధతి నిజంగా ఉందా, లేక యూట్యూబ్ కబుర్లేనా?

పర్లాకిమిడి ఆల్బమ్ డిజైనర్
ఉందండీ. కాకపోతే కంటికి ఏ పని అప్పగించాలో తెలియాలి. "ఇది సరైన తెలుపేనా?" అని అడిగితే కన్ను మోసం చేస్తుంది, పసుపు పచ్చగా ఉన్న స్క్రీన్ ముందు కాసేపు కూర్చుంటే అదే తెల్లగా అనిపిస్తుంది. రెండు పక్కపక్కన పెట్టి "తేడా ఉందా?" అని అడగండి, అప్పుడు చాలా నమ్మకంగా చెబుతుంది.

అందుకని తెలుపు జోలికి పోకండి. మానిటర్ మెనూలో 6500 (తెలుపు పసుపు వైపా, నీలం వైపా అని చెప్పే అంకె) అనో ఎస్ఆర్‌జీబీ (ఫోన్లూ కంప్యూటర్లూ మామూలుగా వాడే రంగుల ప్రమాణం) అనో ఉంటే అది పెట్టి వదిలేయండి, స్క్రీన్‌ని పసుపుబార్చే నైట్ లైట్ ఆపేయండి. కన్ను పనికొచ్చేది గామా దగ్గర, అంటే నలుపు తెలుపుల మధ్య రంగుల్ని స్క్రీన్ ఎంత వెలుతురుగా చూపిస్తుందో చెప్పే అంకె. ఒక గీత నలుపు, ఒక గీత తెలుపు చొప్పున, గీతకి ఒక పిక్సెల్ మందంతో అడ్డగీతల బొమ్మ చేసి, మధ్యలో 186 విలువ (0 అంటే నలుపు, 255 అంటే తెలుపు) ఉన్న బూడిద రంగు చతురస్రం పెట్టండి. గీతలు కలిసిపోయేంత దూరం జరిగి చూడండి. గామా 2.2 ఉంటే (మనకి కావలసింది అదే) చతురస్రం గీతల్లో కలిసిపోయి కనపడదు. 170 దగ్గర కలిసిందంటే గామా 1.7 చిల్లర, మధ్యస్థ రంగులన్నీ వెలిసినట్టు ఉంటాయి. 200 దగ్గర అయితే మరీ ముదురు. ఇదే పరీక్ష ఎరుపు, ఆకుపచ్చ, నీలం గీతలతో విడివిడిగా చేస్తే ఏ రంగు దారి తప్పిందో తెలుస్తుంది. సరిచేయడానికి విండోస్‌లో క్యాలిబ్రేట్ డిస్‌ప్లే కలర్ అని వెతకండి, గామా స్లైడర్ అందులోనే ఉంది.

రాయగడ నుంచి
బాగానే ఉంది గానీ, ఎవరి కన్ను? వయసు మీద పడేకొద్దీ కంటి లెన్స్ పసుపుబారుతుంది, ఎరుపు ఆకుపచ్చ తేడా సరిగా తెలియని మగవాళ్ళు కూడా ఉన్నారు. ముందు ఇషిహారా చుక్కల పరీక్ష (రంగు చుక్కల్లో దాగిన అంకె కనిపెట్టేది) చేసుకోమనండి.

పర్లాకిమిడి ఆల్బమ్ డిజైనర్
ఒప్పుకుంటాను. అయితే మీటర్లు కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1931లో వెలుతురు, రంగుల ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ సీఐఈ పెట్టిన "ప్రామాణిక పరిశీలకుడు" అంటే ఇంగ్లండ్‌లో శాస్త్రవేత్తలు రైట్ పరీక్షించిన 10 మంది, గిల్డ్ పరీక్షించిన 7 గురు, వాళ్ళ చూపుల సగటు. ఇప్పటికీ చాలా మీటర్లు లెక్క కట్టేది ఆ సగటుకే. పైగా గీతల పరీక్షలో ఒకే రంగు వెలుతురు ఎక్కువా తక్కువా అని చూస్తాం అంతే, కాబట్టి మనిషికీ మనిషికీ ఉండే తేడా ఇందులో పెద్దగా అడ్డం రాదు. తెలుపు సరిపోల్చడంలో అయితే మీరన్నట్టే కొంప మునుగుతుంది.

బరంపురం పట్టు
చేసి చూశాను. నాకు 128 దగ్గర కలిసిపోయింది! మానిటర్ అంత దరిద్రంగా ఉందా? నీలం అయితే అసలు తేలట్లేదు.

పర్లాకిమిడి ఆల్బమ్ డిజైనర్
మానిటర్‌ని తిట్టకండి 🙂 సరిగ్గా 128 వచ్చిందంటే బొమ్మని ఫోటో వ్యూయర్ కుదించి చూపిస్తోంది. 0, 255 అంకెల్ని సగటు చేసి 128 బూడిద రంగు పూసేసింది, గీతలు మీదాకా రానే లేదు. జూమ్ 100 శాతం, విండోస్ స్కేలింగ్ కూడా 100 చేసి చూడండి. నీలం కష్టమే, తెలుపు వెలుతురులో దాని వాటా 7 శాతమే. గదిలో లైటు ఆర్పి చూడండి.

రాయగడ నుంచి
ఇంకొకటి. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు ఉన్న చీర కోణం మారితే రంగు మార్చేస్తుంది, దానికి ఏ మానిటరూ ఏం చేయలేదు. అలాంటివి చిన్న వీడియో తీసి పంపండి. మిగతావి కిటికీ వెలుతురులో, పక్కన గ్రే కార్డ్ (రంగు సరిచూసుకోవడానికి వాడే బూడిద రంగు అట్ట) పెట్టి తీయండి, బల్బు కింద తీస్తే మెరూన్ ఇటుకైపోవడం ఖాయం. ఎడిట్ అయ్యాక ఎస్ఆర్‌జీబీలోనే సేవ్ చేయండి. కొనేవాళ్ళ ఫోన్లో రంగుల్ని మరీ గాఢంగా చూపించే వివిడ్ మోడ్ ఉంటే మాత్రం ఎవరి చేతిలోనూ లేదు.

పర్లాకిమిడి ఆల్బమ్ డిజైనర్
స్కేలింగ్ మార్చాక మూడు రంగుల అంకెలూ ఇక్కడ పెట్టండి. మానిటర్ ఆన్ చేసి అరగంట వేడెక్కనిచ్చాకే చూడండి.