కరెంటు (రేడియేషన్) పెట్టించుకున్న 14 నెలలకు తుంట్లు, నడుము పట్టేస్తున్నాయి: ఇది అరుగుదలేనా?

పెనుకొండ పిల్ల:
అందరికీ నమస్కారం. మాది పెనుకొండ దగ్గర పల్లె. నేను ఉద్యోగానికని బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాను, అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంది. వయసు 46. గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్‌కు కిద్వాయ్ ఆసుపత్రిలో చూపించినాం. బయట నుంచి 25 సార్లు కరెంటు పెట్టినారు, వారానికొకటి చొప్పున 5 కీమోలు, ఆఖర్లో లోపల పెట్టే రేడియేషన్. అంతా అయ్యి 14 నెలలు. చెకప్‌కు పోయినప్పుడల్లా బాగుందనే అంటున్నారు.

కానీ పొద్దున లేస్తే తుంట్లు, మోకాళ్ళు కొయ్యబారిపోతాయి. మంచం దిగి గోడ పట్టుకుని నడవాల్సిందే. పావుగంట అటూ ఇటూ తిరిగితే వదులుతుంది. ఇంతకుముందు కత్తిపీట ముందర గంట కూచునే మనిషి, ఇప్పుడు నేల మీద కూచుంటే లేవలేదు. దీనికి తోడు నెల నుంచి కుడి పిర్ర పైన, లోపల ఎక్కడో నొప్పి అంటోంది. నిలబడితే ఎక్కువ, పడుకుంటే తగ్గుతుంది.

మా వీధిలో ఎముకల డాక్టరు మోకాళ్ళ ఎక్స్‌రే చూసి అరుగుదల అన్నాడు. పది రోజులకు నొప్పి మాత్రలు రాసిచ్చినాడు. రేడియేషన్ సంగతి ఆయన అడగలేదు, మేమూ చెప్పలేదు. పక్కింటావిడేమో నువ్వుల నూనె కాచి గట్టిగా మర్దన చేయమంటోంది. చేయొచ్చా? మళ్ళీ వచ్చిందేమోనని అమ్మకు లోపల దిగులు. బయటికి అనదు, రాత్రిళ్ళు ఊరికే పొర్లుతుంటుంది.

బొమ్మనహళ్ళి బాబాయ్:
అమ్మా, ముందు ఆ మర్దన మాట పక్కన పెట్టు. నువ్వు రాసిన దాంట్లో రెండు నొప్పులున్నాయి, ఒకటి కాదు. పొద్దున పట్టేసి, కదిలితే వదిలేది ఒకటి. నిలబడితే పెరిగి, పడుకుంటే తగ్గేది ఇంకొకటి. ఆ రెండోది నాకు బాగా తెలుసు.

మా ఇంటావిడకు ఇదే జబ్బు, ఇదే వైద్యం. ఏడాది దాటాక సరిగ్గా అక్కడే నొప్పి మొదలైంది. ఎక్స్‌రే తీస్తే ఏమీ లేదన్నారు. తర్వాత ఎముకల స్కాన్ తీయిస్తే "ఎముకకు పాకినట్టు అనుమానం" అని రిపోర్టు చేతిలో పెట్టారు. ఆ వారం ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. రేడియేషన్ ఇచ్చిన డాక్టరు దగ్గరికి పరిగెత్తితే ఆయన స్కాన్ ఫిల్ము చూసి ఎమ్మారై రాశారు. తేలిందేమిటంటే, నడుము కింద పిర్రల మధ్య ఉండే వెడల్పాటి ఎముకలో రెండు వైపులా సన్నని చీలిక. పాకడం కాదు. రేడియేషన్‌కు ఎముక పెళుసుబారి, పడకపోయినా, దెబ్బ తగలకపోయినా, రోజూ మోసే ఒంటి బరువుకే చిట్లుతుందట. రెండు వైపులా చిట్లి మధ్యలో అడ్డగీత కలిస్తే స్కాన్‌లో ఇంగ్లీషు హెచ్ అక్షరంలా కనిపిస్తుంది. డాక్టర్లు దాన్ని హోండా గుర్తు అంటారు, ఆ కార్ల కంపెనీ ముద్రలా ఉంటుందని. నేను పాతికేళ్ళు హోండా బండి తోలినవాణ్ణి, ఆ పేరు అక్కడ వినాల్సి వస్తుందనుకోలేదు!

కాబట్టి వీధి డాక్టరుతో సరిపెట్టకండి. ఫైలు తీసుకుని రేడియేషన్ ఓపీకే వెళ్ళండి. ఎన్ని గ్రేలు (రేడియేషన్ మోతాదు కొలత అది), ఎన్ని భాగాలుగా ఇచ్చారో ఆ ఫైల్లో ఉంటుంది. ఇకమీదట పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళినా సరే, మొదటి మాట "కరెంటు పెట్టించుకున్నాను" అనే చెప్పాలి.

గుంటూరు కారం:
ఇంత భయపెట్టాలా బాబాయ్? మా అమ్మమ్మ వావిలాకు కాచిన నీళ్ళతో పోసి, ఆముదం రాసి ఎన్ని నొప్పులు తగ్గించిందో.

జయనగర్ ఫిజియో:
కారం గారూ, మీ అమ్మమ్మ గారి మీద నాకూ గౌరవమే. వావిలాకు నీళ్ళు గోరువెచ్చగా ఒంటికి పోసుకోవచ్చు, మోకాళ్ళకు మెల్లగా నూనె రాసుకోవచ్చు. కానీ కరెంటు పెట్టిన చోట కాపడం వద్దు, వేడినీళ్ళ సంచీ వద్దు. అక్కడి చర్మం పలచబడి ఉంటుంది, కొందరికి స్పర్శ కూడా తగ్గుతుంది. కాలింది తెలిసేలోపు బొబ్బ లేస్తుంది, అది మానడానికి నెలలు పట్టొచ్చు. ఇక చీలిక ఉందో లేదో తేలకుండా ఆ ఎముక మీద మోచేత్తో నొక్కడం, నడుము విరిపించడం లాంటివి అస్సలు చేయకూడదు.

పెనుకొండ అమ్మాయీ, పొద్దుటి బిగుతు గురించి నేను చెప్తాను. రేడియేషన్ కణితి వరకే ఆగదు, దారిలో ఉన్న కండరాలకూ, తుంటి చుట్టూ ఉండే పొరలకూ తగులుతుంది. నెలలు గడిచేకొద్దీ అవి మెత్తదనం పోయి పీచులా గట్టిపడతాయి. కొత్త నవారు మంచానికి బిగిసినట్టుంటుంది, రోజూ సాగదీస్తే కాస్త వదులవుతుంది, వదిలేస్తే మళ్ళీ బిగుస్తుంది. పది రోజులు చేసి ఆపేసే కోర్సు కాదిది, పళ్ళు తోముకోవడం లాంటిది.

మంచం దిగకముందే చేయదగ్గవి చెప్తాను. వెల్లకిలా పడుకుని ఒక్కో మడమను పరుపు మీద జరుపుతూ మోకాలు మడవడం, చాపడం, పదేసి సార్లు. తర్వాత రెండు మోకాళ్ళూ మడిచి, కలిపి, గోడ గడియారం లోలకంలా నెమ్మదిగా అటూ ఇటూ ఊపడం. పిర్రల కండరాలు బిగించి ఐదు లెక్కపెట్టి వదలడం. అప్పుడు పక్కకు తిరిగి చేతులు ఆనించి లేవాలి. వంట చేసేటప్పుడు గట్టు పట్టుకుని కాలు ముందుకీ వెనక్కీ ఊపితే చాలు, వేరే టైము అక్కర్లేదు. తుంటి ముందు భాగం సాగదీసేవి, బరువు పెట్టి చేసేవి మాత్రం ఎమ్మారై చూశాకే. రోజుకు గంట ఒకేసారి నడిపించొద్దు. పదేసి నిమిషాలు మూడు పూటలా చాలు. మర్నాడు నొప్పి పెరిగితే ముందురోజు ఎక్కువైందని లెక్క, సగానికి తగ్గించాలి.

కాళ్ళలో బలం తగ్గినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం, దొడ్డి పట్టు తప్పినా ఇక్కడ రాస్తూ కూర్చోకండి, ఎమర్జెన్సీకి వెళ్ళండి. ఒక కాలే వాచి పిక్క నొప్పెట్టినా అదే రోజు చూపించాలి, రక్తం గడ్డ కావచ్చు.

సనత్‌నగర్ టు సర్జాపూర్:
మా బాపుది ప్రొస్టేట్ క్యాన్సర్. ఆయనకు కూడా పొత్తికడుపు కిందనే రేడియేషన్ ఇచ్చిన్రు, దాంతోపాటు మూడు నెలలకోసారి హార్మోన్ సూది. పొద్దున లేస్తే ఒళ్ళంతా కట్టెలెక్క అయితుండె. అందరం రేడియేషన్ వల్లనే అనుకున్నం. సూది వల్ల మగ హార్మోన్ పడిపోయి ఎముకలు, కండలు సన్నబడతయని, కీళ్ళు కూడా పట్టేస్తయని తర్వాత చెప్పిన్రు. ఎముకల సాంద్రత పరీక్ష చేయిస్తే తక్కువ వచ్చింది. ఎముకలు గట్టిపడే మందు మొదలుపెట్టే ముందు పళ్ళు చూపించుకొని రమ్మన్నరు, అది మర్చిపోకుండ్రి. పుచ్చు పన్ను పీకేది ఉంటే ముందే పీకించుకోవాలె.

నొప్పి గోలీల గురించి ఒక మాట. కీమోలో సిస్‌ప్లాటిన్ ఎక్కించి ఉంటే కిడ్నీల మీద ఆ దెబ్బ ఉంటది. డైక్లోఫినాక్ లాంటివి మెడికల్ షాపుల కొనుక్కొని రోజూ మింగొద్దు.

కోలారు కోడలు:
నాదీ అదే జబ్బు, అదే వైద్యం. పుట్టింది పలమనేరు, మెట్టింది కోలారు, వైద్యం అయ్యింది బెంగళూరు. ఆడవాళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెప్తాను.

చెల్లీ, మీ అమ్మకు ముట్లు ఆగిపోయి ఉంటాయి కదా. ఆ రేడియేషన్‌కు అండాశయాలు పనిచేయడం మానేస్తాయి. మామూలుగా నాలుగైదేళ్ళలో నెమ్మదిగా జరగాల్సింది మాకు నెలల్లో జరిగిపోతుంది. ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, కీళ్ళ నొప్పులు అన్నీ కట్టగట్టుకుని వస్తాయి. రాత్రిళ్ళు పొర్లుతుందన్నావే, దిగులు ఒక్కటే కాకపోవచ్చు, చెమటలు పడుతున్నాయేమో మెల్లగా అడుగు. నేను రెండేళ్ళు మా ఆయనకు కూడా చెప్పలేదు.

నాది స్క్వామస్ రకం (పైపొర కణాల్లో పుట్టే క్యాన్సర్), హార్మోన్ మాత్రలు ఇవ్వొచ్చన్నారు. గర్భసంచి తీయలేదు కాబట్టి రెండు రకాల హార్మోన్లు కలిపి ఇచ్చారు. అందరికీ కుదరదు, క్యాన్సర్ రకాన్ని బట్టి డాక్టరే తేల్చాలి. కానీ మనం అడగకపోతే ఆ మాటే రాదు, ఓపీలో మనకు దొరికేది మూడు నిమిషాలు. నేను చీటీ మీద రాసుకుని వెళ్ళాను.

విటమిన్ డి 60,000 యూనిట్ల పొడి రాస్తే వారానికొకటే. మా ఆడపడుచు రోజూ ఒకటి కలుపుకుని తాగి వాంతులతో ఆసుపత్రి పాలైంది. బి12 కూడా చూపించండి. చిన్నపేగు చివరి భాగానికి కరెంటు తగిలితే బి12 సరిగా ఒంటికి పట్టదు, కాళ్ళు తిమ్మిర్లు వస్తాయి. రాగి సంగటి మంచిదే, 100 గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. అయితే విరేచనాలు అవుతున్న రోజుల్లో సంగటి జోలికి పోవద్దు. నాకు పాలు కూడా పడలేదు, పెరుగు పడింది.

ఇంట్లో ఇండియన్ లెట్రిన్ ఉంటే పైన పెట్టే కమోడ్ స్టూలు సర్జికల్ షాపులో దొరుకుతుంది. దానివల్ల నాకు ఒరిగినంత మేలు ఏ మాత్ర వల్లా ఒరగలేదు. కత్తిపీట అటక మీద పెట్టేసి, బల్ల మీద చాకుతో తరగమను. ఒప్పుకోదు, నాకు తెలుసు.

పెనుకొండ పిల్ల:
ఆలస్యానికి ఏమనుకోవద్దు, మూడు వారాలు పట్టింది. ఫైలుతో రేడియేషన్ ఓపీకి పోయినాం. అమ్మ ఆధార్ మన ఊరిదే, కర్ణాటక ఆడవాళ్ళకు బస్సులో ఉచితంగా ఇచ్చే శక్తి టికెట్టు రాదు, బస్సులో టికెట్టు కొనాలంటే ఆమెకు మహా కోపం. ఆ కోపంలో నొప్పి మర్చిపోయింది.

ఎమ్మారైలో కుడివైపు సన్నని చీలిక ఉంది. బాబాయ్ చెప్పినట్టే. పాకలేదు అని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది, అమ్మ మూడోసారి చెప్పించుకుంది. మోకాళ్ళలో అరుగుదల కొంచెం ఉంది గాని అసలు నొప్పి దానిది కాదంట. విటమిన్ డి 9 వచ్చింది, బి12 కూడా తక్కువే. ఆ నొప్పి మాత్రలు ఆపించి వేరేవి ఇచ్చినారు. పూర్తిగా మంచం మీదే ఉండొద్దు, చేతికర్రతో కొంచెం కొంచెం నడవమన్నారు, ఆరు వారాలకు మళ్ళీ రమ్మన్నారు. కోలారు అక్కా, చీటీ నేనే రాసి అమ్మ చేతికిచ్చినా. నన్ను బయటికి పంపించి చాలాసేపు మాట్లాడింది. ఏం మాట్లాడిందో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. హార్మోన్ల గురించి వచ్చేసారి చూస్తామన్నారంట.

ఫిజియో గారూ, ఒక్క సందేహం. నొప్పి కుడివైపు కదా, అమ్మ కర్ర కూడా కుడి చేత్తోనే పట్టుకుంటోంది. సరేనా?

జయనగర్ ఫిజియో:
కాదమ్మా, ఎడమ చేత్తో. కుడి కాలు వేసేటప్పుడే ఎడమ చేతి కర్ర నేల తాకాలి, అప్పుడు బరువు కొంత కర్ర మీదికి పోతుంది. కర్ర పిడి ఆమె మణికట్టు ఎత్తుకు రావాలి. కింద రబ్బరు బుడిపె అరిగిందేమో చూడండి, బాత్రూంలో జారేది అక్కడే.

పెనుకొండ పిల్ల:
అరిగిపోయింది. తాత కర్ర అది. సాయంత్రం కొత్తది తెస్తాను.