పల్లె పీఫనోకి కొత్త తాళం కలిపితే అది ఇంకా ఆ పల్లెదేనా?

వెదురుగొట్టం: కార్లోస్ మాల్టా గారి పీఫి ముడెర్నో అనే బృందం వీడియోలు వారంగా వింటున్నాను. రియోకి చెందిన ఫ్లూట్, సాక్సోఫోన్ విద్వాంసుడు, బ్రెజిల్ సంగీతకర్త ఎర్మెతో పాస్కోల్ దగ్గర పన్నెండేళ్లు వాయించి 1994లో ఈ బృందం పెట్టారు. వాయిద్యం అద్భుతం, అందులో సందేహం లేదు. కానీ పీఫనో బ్రెజిల్ ఈశాన్యంలో, కరువు నేల మీద, పల్లె పండగల్లో రైతులు ఊదే వెదురు పిల్లనగ్రోవి. దాన్ని తెచ్చి జాజ్ సోలోలు ఊదితే పేరు ఒకటే మిగులుతుందేమోనని నా బాధ.

చోరో_పిచ్చి: అన్నా, ఇదే మాట రియోకి చెందిన పాతతరం ఫ్లూట్ విద్వాంసుడు, స్వరకర్త పిక్సింగిన్యాని కూడా అన్నారు. 1922లో పారిస్ వెళ్లొచ్చాక ఆయన సాక్సోఫోన్ కూడా పట్టారు. 1928లో రికార్డైన ఆయన బాణీ కారిన్యోసోలో మూడు భాగాలు ఉండాల్సిన చోట రెండే ఉన్నాయి, పైగా అమెరికా వాసన వస్తోందని అప్పటి ఒక పత్రికలో విమర్శ వచ్చింది. ఈ రోజు ఏ చోరో (రియోలో పుట్టిన వాద్య సంగీతం) గోష్ఠిలోనైనా అది వాయించకుండా ఇంటికి వెళ్లరు!

వెదురుగొట్టం: పిక్సింగిన్యా ఆ సంగీతంలోనే పుట్టి పెరిగినవాడు కదా. నగరం నుంచి వచ్చి తీసుకోవడం వేరు.

వేణువు_నేర్చుకుంటున్నా: నేను కర్ణాటక వేణువు వాయిస్తాను కాబట్టి శ్రుతి సంగతి చెప్తాను. అక్కడి పాటల్లో ప్రతిమధ్యమం, కైశికి నిషాదం కలిసి వస్తుంటే మొదటిసారి విన్నప్పుడు వాచస్పతి రాగం అనుకుని లేచి కూర్చున్నాను. కానీ ఊళ్లో చేసిన పీఫనోలో గాంధారం చాలాసార్లు సాధారణ, అంతర గాంధారాల మధ్య ఎక్కడో పడుతుంది, రెండు పీఫనోలు జంటగా ఊదితే ఆ గరుకే దాని అందం. కీబోర్డుకి సరిపోవాలని దాన్ని సాపు చేస్తే మాత్రం నేనూ ఒప్పుకోను. మాల్టా బృందంలో గిటార్ లేదు, కీబోర్డు లేదు, ఊదేవాళ్లూ కొట్టేవాళ్లూ మాత్రమే. ఆ నిర్ణయమే నాకు అన్నిటికన్నా నచ్చింది.

చోరో_పిచ్చి: తాళం కూడా వినండి. జబుంబా అనే పెద్ద డోలుకి పైన లావు కర్రతో బరువు దెబ్బ, కింద చర్మం మీద సన్నటి పుల్లతో ఎదురు దెబ్బ. అది మారలేదు. కొత్తదనమంతా మార్కోస్ సుజానో పండేరోలో ఉంది, బొటనవేలితో కొట్టాల్సిన అడుగు దెబ్బని వేళ్ల కొసలతో కొట్టి ఒక్క కంజిరలాంటి వాద్యంతో డ్రమ్ సెట్ అంత చేస్తాడు.

వెదురుగొట్టం: గిటార్ లేదన్న సంగతి నేను గమనించనే లేదు, ఒప్పుకుంటున్నాను. అయినా ఒక్కటి అడుగుతాను. 1972లో బ్రెజిల్ గాయకుడు జిల్బెర్టో జిల్ తన ఎక్స్‌ప్రెసో 2222 రికార్డుని ఈశాన్యంలోని కరువారు అనే ఊరి పీఫనో బృందం వాయించిన పాటతోనే మొదలుపెట్టాడు, వాళ్లనే వినిపించాడు. మాల్టా కచేరీ విన్నవాళ్లలో ఎంతమంది తర్వాత కరువారు వాళ్ల రికార్డు వెతికి వింటారు?

వేణువు_నేర్చుకుంటున్నా: నేను విన్నానండీ. మాల్టా వల్లే.