ఏథెన్స్ అట్టికీ ఒదోస్: ఎంత దూరం వెళ్లినా ఒకే టోల్ కట్టడం న్యాయమేనా?

మైలురాయి:
అట్టికీ ఒదోస్ అంటే ఏథెన్స్ టోల్ రోడ్డు: ఎలెఫ్సినా నుంచి ఏథెన్స్ విమానాశ్రయం దాకా అసలు రోడ్డు, పక్కన ఇమిట్టోస్ కొండ అంచున ఒక శాఖ, అన్నీ కలిపి దాదాపు 65 కిలోమీటర్లు. కారుకు 2.50 యూరోలు ఎక్కేచోటే కట్టించుకుంటారు, దిగేచోట అడిగేవాడు లేడు. ఈ చివర నుంచి ఆ చివరకు 50 కి.మీ. పైచిలుకు వెళ్లేవాడికి కిలోమీటరుకు ఐదు సెంట్లు కూడా పడదు. కిఫీసియాస్ దగ్గర ఎక్కి దుకీసిస్ ప్లాకెంతియాస్ దగ్గర దిగేవాడికి కిలోమీటరుకు యాభై సెంట్ల దాకా పడుతుంది. రానూపోనూ రోజుకు 5 యూరోలు, 22 పనిదినాలకు 110. హైదరాబాద్ ఓఆర్‌ఆర్‌లో 158 కి.మీ.లకూ దూరాన్ని బట్టే వసూలు చేస్తున్నారు కదా, ఇక్కడెందుకు కుదరదు?

సిగ్నల్‌లేనిదారి:
ఓఆర్‌ఆర్ ఊరి బయట తిరుగుతుంది, ఇంటర్‌ఛేంజ్‌ల దగ్గర బూత్‌లకు చోటుంది. అట్టికీ ఒదోస్ మరూసి, హలాంద్రి ఇళ్ల మధ్య నుంచి పోతుంది, మధ్యలో సబర్బన్ రైలు పట్టాలు కూడా ఉన్నాయి. దిగే ర్యాంపులు పొట్టివి. అక్కడ గేటు పెడితే పట్టుమని పదిహేను కార్లు ఆగేసరికి తోక మెయిన్ లేన్‌లోకి వస్తుంది, వెనక నుంచి వేగంగా వచ్చేవాడు గుద్దుతాడు. గేటు లేకుండా కెమెరాలతో చేయొచ్చు. అప్పుడు ట్యాగ్ లేని అద్దె కార్లు, విదేశీ నంబర్ల దగ్గర డబ్బు రాబట్టడం వేరే తలనొప్పి.

పైగా ఒకే టోల్ వల్ల ఒక మేలుంది. నాలుగు కిలోమీటర్ల ప్రయాణానికి 2.50 ఎందుకని చాలామంది ఎక్కరు. దూరం లెక్క పెడితే చిన్న ప్రయాణాలన్నీ ఇప్పటికే కిక్కిరిసిన మెటమోర్ఫోసీ–ప్లాకెంతియాస్ ముక్క మీదే పడతాయి.

మైలురాయి:
ఎక్కనివాళ్లు మాయమైపోరు కదండీ! మెసోయియోన్ లాంటి ఊళ్లోని రోడ్ల మీదకు వస్తారు. ఆ రద్దీ మీ లెక్కలో లేదు.

కిఫీసోస్‌గట్టు:
ఇద్దరూ టోల్ దగ్గరే ఆగిపోయారు. అసలు ముడి మెటమోర్ఫోసీలో ఉంది. అక్కడ టోల్ లేని కిఫీసోస్ రోడ్డు కలుస్తుంది. పిరియస్ రేవు నుంచి ఉత్తరాదికి వెళ్లే లారీలకూ, ఊళ్లో తిరిగే కార్లకూ అదే దారి. చాలా మేర నది మీద కప్పు వేసి కట్టిన రోడ్డు, వెడల్పు చేయడం అంత తేలిక కాదు. అది ఆగితే దానిలోకి దిగే ర్యాంపు నిండుతుంది, ర్యాంపు నిండితే అట్టికీ ఒదోస్ కుడి లేన్ ఆగుతుంది. టోల్ రెండున్నరైనా అర యూరో అయినా ఈ వరస మారదు. ఎలెఫ్సినా నుంచి థీవా మీదుగా ఇలీకి దాకా, ఏథెన్స్‌లోకి రాకుండా, లారీలకు వేరే దారి వేయాలన్న ప్రతిపాదన ఎప్పటినుంచో ఉంది. నన్నడిగితే టోల్ చర్చకన్నా అది ముందు.

లెక్కలపుస్తకం:
టోల్‌ను వదిలేయకండి. పాత కన్సెషన్ (రోడ్డు నడిపి టోల్ వసూలు చేసుకునే హక్కు) 2024 అక్టోబరులో ముగిసింది. కొత్త సంస్థ 25 ఏళ్ల హక్కుకు ప్రభుత్వానికి 3.27 బిలియన్ యూరోలు ఒకేసారి చెల్లించింది. అంటే ఇప్పుడు కట్టేది ప్రధానంగా రోడ్డు కట్టిన ఖర్చు కాదు, ఆ ముందస్తు సొమ్ము. కారు టోల్ 2.80 నుంచి 2.50కి దిగిందని సంబరపడ్డారు గానీ, 3.27 బిలియన్లు రాబట్టుకోవాల్సిన సంస్థ రాబడి తగ్గే పద్ధతికి తనంతట తాను ఒప్పుకోదు. చిన్న దూరాలకు తగ్గిస్తే పెద్ద దూరాలకు పెంచాలి, లేదా ఖజానా పూడ్చాలి. మైలురాయి గారూ, ఆ రెంటిలో మీరు దేనికి సిద్ధం?

మైలురాయి:
పెద్ద దూరాలకు పెంచడానికే. ముందు లారీలతో మొదలుపెట్టాలి.

సిగ్నల్‌లేనిదారి:
లారీకి పెంచితే అది టోల్ లేని దారే వెతుక్కుంటుంది. అంటే పైన చెప్పిన కిఫీసోస్ మీదకే మళ్లీ.

కొత్తడ్రైవరు:
మధ్యలో దూరుతున్నాను. ఒలింపియా ఒదోస్ అనే వేరే మోటార్‌వే ట్యాగ్ ఇక్కడ పనిచేస్తుందా?

లెక్కలపుస్తకం:
పనిచేస్తుంది. 2020 నవంబరు నుంచి ఏ గ్రీకు మోటార్‌వే ట్యాగ్ అయినా మిగతావాటి మీద చెల్లుతుంది. ట్యాగ్ లేకపోతే మాత్రం ట్యాగ్ ఉన్నవాళ్ల ఈ-పాస్ లేన్‌లో దూరకండి. గేటు లేవదు, వెనక్కి తీయడానికి చోటుండదు. మనిషి ఉన్న బూత్‌కు వెళ్లండి.