ఇరవై దాకా చెప్తుంది, ఐదు పిక్కలు ఇమ్మంటే గుప్పెడు పోస్తోంది

చీపురుపల్లి_అమ్మ:
పాపకు నాలుగేళ్లు నిండాయి. ఒకటి నుంచి ఇరవై దాకా గడగడా చెప్పేస్తుంది. ఐదు చింతపిక్కలు ఇమ్మంటే మాత్రం గుప్పెడు తీసి నా చేతిలో పోస్తుంది. పలక మీద అంకెలు దిద్దిస్తే కుదురుతుందా? ఆటలో నేర్పే దారి ఉందా?

అంగన్‌వాడీ_శ్రీకాకుళం:
ఇప్పుడే దిద్దించకండమ్మా. అంకెలు వరసగా అప్పజెప్పడం వేరు, లెక్కలో ఆఖరున పలికిన అంకే మొత్తం ఎన్నో చెబుతుందని తెలియడం వేరు. రెండోది చాలామంది పిల్లలకు మూడున్నర, నాలుగేళ్లప్పుడు, కొందరికి ఇంకాస్త ఆలస్యంగా వస్తుంది. అదీ మెట్టు మెట్టుగానే: ముందు ఒకటి, కొన్ని నెలలకు రెండు, ఆ తర్వాత మూడు.

పాప ఏ మెట్టు మీద ఉందో ముందు చూడండి. పది పిక్కలు పోసి 'బొమ్మకు ఒకటి పెట్టు' అనండి. తర్వాత రెండు, మూడు. ఎక్కడ గుప్పెడు తీస్తే అక్కడే పని. మూడు దగ్గర తడబడితే మూడుతోనే ఆడండి, ఐదు జోలికి పోవద్దు. 'ఇవి మూడు' అని ముందు మొత్తం చెప్పి, వెంటనే వేలు పెట్టి 'ఒకటి, రెండు, మూడు' అనండి. ఊరికే లెక్కపెట్టి వదిలేస్తే అంకెకీ మొత్తానికీ ముడి పడదు. మూడు ఇడ్లీలు, మూడు గాజులు, ఇలా వస్తువు మారుస్తూ ఉండండి.

తప్పుగా ఇస్తే 'కాదు' అనొద్దు. 'మూడయ్యాయా, చూద్దామా?' అని ఆగండి, మనసులో పది లెక్కపెట్టేంత సేపు. పెద్దవాళ్లు ఇక్కడే తొందరపడి పిక్క తామే తీసి పెట్టేస్తారు. ఇక పాప ఆలోచించడానికి ఏం మిగలదు.

బొబ్బిలి_బడి:
వామనగుంటల పీటకు పద్నాలుగు గుంటలు, ఈ వయసుకు ఎక్కువ. కోడిగుడ్ల అట్ట కత్తిరించి ఐదు గుంటలు ఉంచండి. చేతిలో మూడు పిక్కలు పెట్టి గుంటకొకటి వెయ్యమనండి. పిక్క పడినప్పుడే అంకె పలకాలి. నోరు ముందు పరిగెత్తి చెయ్యి వెనకబడితే లెక్క తప్పుతుంది. రెండేసి జారిపోతుంటే పిక్కలు మానేసి సీసా మూతలు ఇవ్వండి, పట్టు దొరుకుతుంది.

పలాస_అప్ప:
జీడిపిక్కలు మాత్రం ఇవ్వకండి. కాల్చని పిక్క పెంకులోని జీడి రసం అంటితే చర్మం పొక్కిపోతుంది. ఇంట్లో మూడేళ్ల లోపు పిల్లలుంటే చింతపిక్కలూ ప్రమాదమే, గొంతుకు అడ్డం పడతాయి.

చీపురుపల్లి_అమ్మ:
ఇప్పుడే చూశాను, రెండు సరిగ్గా ఇచ్చింది, మూడుకి గుప్పెడు. రోజూ ఎంతసేపు ఆడించాలి?

అంగన్‌వాడీ_శ్రీకాకుళం:
అయితే మూడుతో మొదలెట్టండి. పది నిమిషాలు చాలు, తను లేచిపోతే అక్కడితో ఆపేయండి.