ఘనాకి మొదటి రాయబారి ఎవరు? ఒక్కో జాబితాలో ఒక్కో పేరు, ఒక్కో తేదీ

పట్టికరాత:
1957 నుంచి 1964 దాకా స్వతంత్రం వచ్చిన ఆఫ్రికా దేశాలకు ఏ దేశం తరఫున మొదట ఎవరు వెళ్లారో ఒక పట్టిక చేస్తున్నాను. మొదటి వరుస ఘనా. అక్కడే బండి ఆగిపోయింది.

అమెరికా గడిలో ఒక చోట పీటర్ రటర్ అని ఉంది, ఇంకో చోట విల్సన్ ఫ్లేక్ అని ఉంది. భారత్ 1953లోనే రాజధాని అక్రాలో కార్యాలయం తెరిచిందంటారు. అప్పటికి ఘనా అనే దేశమే లేదు, అది గోల్డ్ కోస్ట్ అనే బ్రిటిష్ వలస. మరి 1953 రాయాలా, 1957 రాయాలా? బ్రిటన్, భారత్ పంపినవాళ్లు హైకమిషనర్లు, అమెరికా, సోవియట్ పంపినవాళ్లు రాయబారులు. ఇద్దరికీ ఒకటే కాలమ్ సరిపోతుందా? ఇంకొకటి, వీళ్లంతా తమ నియామక పత్రాలు ఘనా నేత ఎన్‌క్రుమా చేతికే ఇచ్చారా?

కోటగుమ్మం:
చివరి ప్రశ్న నుంచి మొదలుపెడితే మిగతావి వాటంతటవే విడిపోతాయి. ఆ రోజున ఆ దేశాధినేత ఎవరు? ముందు అది చూడాలి.

1957 మార్చి 6న ఘనాకి స్వతంత్రం వచ్చింది కానీ అది రిపబ్లిక్ కాలేదు. 1960 జులై 1 దాకా డొమినియనే, అంటే స్వతంత్రం ఉన్నా బ్రిటన్ రాణే అధినేతగా ఉన్న దేశం. అధినేత రెండో ఎలిజబెత్, అక్రాలో ఆమె తరఫున గవర్నర్ జనరల్. మొదటి గవర్నర్ జనరల్ చార్లెస్ ఆర్డెన్-క్లార్క్, అంటే ముందు రోజు దాకా గోల్డ్ కోస్ట్ గవర్నర్‌గా ఉన్నాయనే. అదే ఏడాది ఆయన స్థానంలోకి లార్డ్ లిస్టోవెల్ వచ్చారు. (ఈ లిస్టోవెల్ మనకి కొత్తవాడేం కాదు. 1947 ఆగస్టులో భారత వ్యవహారాల మంత్రి పదవి రద్దయినప్పుడు లండన్‌లో ఆ కుర్చీలో ఉన్నది ఆయనే.) ఎన్‌క్రుమా ప్రధాని. పెత్తనమంతా ఆయనదే అయినా ప్రోటోకాల్ లెక్కలో అధినేత కాదు. కాబట్టి 1957లో విదేశీ రాయబారి తెచ్చిన ఉత్తరం రాణి పేరు మీద ఉంటుంది, అందుకునేది గవర్నర్ జనరల్ వైపు. "అధ్యక్షుడు ఎన్‌క్రుమాకి పత్రాలు సమర్పించారు" అని 1957 తేదీతో ఎక్కడైనా కనబడితే కొట్టేయండి. ఆయన అధ్యక్షుడయింది 1960 జులై 1న.

హైకమిషనర్ అన్న పేరు పుట్టింది కూడా ఈ చిక్కులోంచే. రాయబారి తెచ్చేది ఒక అధినేత ఇంకో అధినేతకి రాసిన ఉత్తరం. అందులో సారాంశం ఒక్కటే: "ఇతను మా తరఫున ఏం చెప్పినా నమ్మండి." బ్రిటన్ నుంచి ఘనాకి ఆ ఉత్తరం రాయాలంటే ఎలిజబెత్ ఎలిజబెత్‌కే రాసుకోవాలి! అందుకని ఒకే అధినేత ఉన్న కామన్‌వెల్త్ దేశాల మధ్య ఆ పద్ధతి లేదు. ప్రధాని నుంచి ప్రధానికి ఒక పరిచయ లేఖ, అంతే. బ్రిటన్ పంపిన మొదటి హైకమిషనర్ ఇయాన్ మక్లెనన్ వెళ్లింది ఈ కాలంలోనే. 1960లో ఘనా రిపబ్లిక్ అయ్యాక ఆ ఉత్తరానికి వేరే చిరునామా దొరికింది. హోదా పేరు మాత్రం మారలేదు, ఎందుకంటే ఘనా కామన్‌వెల్త్‌లోనే ఉండిపోయింది.

కాలమ్ ఒకటే చాలు. దౌత్య సంబంధాల మీద 1961 నాటి వియన్నా ఒప్పందం 14వ అధికరణంలో రాయబారుల పక్కనే "అదే స్థాయి గల ఇతర దౌత్య బృంద నాయకులు" అన్న మాట పెట్టింది హైకమిషనర్లని కూడా అందులోకి తేవడానికే. కాకపోతే పక్కన "హోదా" అని ఇంకో చిన్న గడి పెట్టుకోండి, లేకపోతే చదివేవాడు మీరే తప్పు రాశారనుకుంటాడు.

సీలుకవరు:
రటర్, ఫ్లేక్ ఇద్దరూ సరైనవాళ్లే. మీ శీర్షికే కుదరలేదు.

స్వతంత్రానికి ముందు అక్రాలో అమెరికాది కాన్సులేట్ జనరల్. కాన్సుల్ చూసేది వీసాలు, వర్తకం, తమ పౌరుల బాగోగులు. అతను పనిచేయాలంటే పాలించే దేశం అనుమతి కావాలి. అంటే గోల్డ్ కోస్ట్ విషయంలో బ్రిటన్ అనుమతి. మార్చి 6న అదే కార్యాలయం ఎంబసీ అయింది. భవనం మారలేదు, బోర్డు మారింది. కానీ రాయబారి ఇంకా రాలేదు కాబట్టి రటర్ తాత్కాలిక బాధ్యుడిగా, అంటే చార్జ్ డి అఫైర్స్‌గా ఉన్నాడు. ఫ్లేక్ ఆ తర్వాత వచ్చిన మొదటి రాయబారి. "మొదటి దౌత్య ప్రతినిధి" అని రాస్తే రటర్, "మొదటి రాయబారి" అని రాస్తే ఫ్లేక్.

భారత్‌దీ ఇదే సంగతి. 1953లో అక్రాలో తెరిచింది ప్రతినిధి కార్యాలయం. గోల్డ్ కోస్ట్ విదేశీ వ్యవహారాలు లండన్ చేతిలో ఉండగా అక్కడ రాయబారి అన్నమాటే కుదరదు. పూర్తి దౌత్య సంబంధాలు 1957లో. మీ పట్టిక ముందుకెళ్లి కెన్యా దగ్గరికొచ్చేసరికి ఇదే గుంటలో పడతారు, ఇప్పుడే చెబుతున్నా: అప్పాసాహెబ్ పంత్ 1948లో నైరోబీ వెళ్లింది భారత కమిషనర్‌గా, హైకమిషనర్‌గా కాదు. కెన్యాకి స్వతంత్రం 1963 డిసెంబర్ 12న. అంతకుముందు ఎవరున్నా ఆ గడిలోకి రారు. "స్వతంత్రానికి ముందు కార్యాలయం" అని విడిగా కాలమ్ తీయండి, అక్కడ పంత్ పేరు దర్జాగా ఉంటుంది.

ఇక తేదీ. ఒక రాయబారి పేరు వెనక కనీసం ఐదు తేదీలుంటాయి, జాబితాలు కొట్టుకునేది అక్కడే. ముందు పంపే దేశం పేరు చెప్పి రహస్యంగా సమ్మతి అడుగుతుంది. దీన్ని అగ్రెమాంట్ అంటారు. కాదంటే కారణం చెప్పనక్కర్లేదు. సమ్మతి వచ్చాక సొంత దేశంలో నియామకం. తర్వాత రాజధానిలో దిగడం. దిగాక విదేశాంగ శాఖకి ఉత్తరం నకలు ఇవ్వడం. చివరికి అసలు ఉత్తరం, సీలు వేసిన కవరులో, అధినేత చేతికి. పాత రాయబారిని వెనక్కి పిలుస్తున్నట్టు ఇంకో ఉత్తరం కూడా మామూలుగా దీనితోపాటే ఇస్తారు. మొట్టమొదటి రాయబారికి ఆ కాగితం ఉండదు, ముందు ఎవరూ లేరు కదా.

పట్టికలో పెట్టాల్సింది సమర్పణ తేదీ. వియన్నా ఒప్పందం 13వ అధికరణం నకలు ఇచ్చిన రోజుని కూడా లెక్కలోకి తీసుకోవచ్చంటుంది, కానీ ఏదో ఒక పద్ధతినే ఆ దేశం అందరికీ వర్తింపజేయాలి. నియామక తేదీ మాత్రం వాడకండి. అమెరికన్ల విషయంలో అది మరీ ప్రమాదం. సెనేట్ సెలవుల్లో ఉండగా అధ్యక్షుడు తాత్కాలికంగా నియమించి, తర్వాత సెనేట్ ఆమోదం పొంది మళ్లీ నియమిస్తే ఒకే మనిషికి రెండు నియామక తేదీలు వస్తాయి.

పట్టికరాత:
ఇప్పుడు దారి కనబడింది. ఇంకో రెండు సందేహాలు. చైనా గడిలో నియే రోంగ్‌జెన్ 1957 అని రాసుకున్నాను, ఆయన స్వాతంత్ర్య ఉత్సవానికి అక్రా వెళ్లాడు కాబట్టి. సరేనా? అలాగే కాంగోకి (లియోపోల్డ్‌విల్ రాజధానిగా ఉన్న పాత బెల్జియం వలస) మన రాజేశ్వర్ దయాల్ 1960 అని పెట్టాను.

కోటగుమ్మం:
రెండూ తీసేయండి.

నియే రోంగ్‌జెన్ పండక్కి వచ్చిన చుట్టం, కాపురానికి వచ్చినవాడు కాదు. అమెరికా నుంచి ఉపాధ్యక్షుడు నిక్సన్, సోవియట్ నుంచి మంత్రి బెనెదిక్తోవ్, రాణి తరఫున డచెస్ ఆఫ్ కెంట్, అందరూ అలా వచ్చి వెళ్లినవాళ్లే. ఉత్సవ ప్రతినిధి వచ్చినంత మాత్రాన దౌత్య సంబంధం ఏర్పడినట్టు కాదు. చైనాతో ఘనా సంబంధాలు 1960 జులై 5న, అంటే రిపబ్లిక్ అయిన నాలుగు రోజులకి. మొదటి రాయబారి హువాంగ్ హువా, తర్వాతి కాలంలో చైనా విదేశాంగ మంత్రి అయినాయన. సోవియట్ మొదటి రాయబారి మిఖాయిల్ సితెంకో, 1959లో వచ్చాడు. 1957లో ఉత్సవానికి మంత్రిని పంపిన దేశం రాయబారిని పంపడానికి రెండేళ్లు పట్టింది. ఆ జాప్యం కనబడేలా మీ పట్టికలో "స్వతంత్రం నుంచి ఎన్ని నెలలు" అని ఒక గడి ఉంటే, నన్నడిగితే, పేర్లకన్నా అదే ఎక్కువ చెబుతుంది.

లియోపోల్డ్‌విల్:
దయాల్ సంగతి నేను చెబుతాను, చాలామంది చేసే పొరపాటే ఇది. ఆయన 1960 సెప్టెంబర్‌లో కాంగో వెళ్లింది ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి హామర్‌షోల్డ్ ప్రత్యేక ప్రతినిధిగా. భారత్ తరఫున ఆయన హోదా పాకిస్తాన్‌లో హైకమిషనర్, అక్కడినుంచి అరువు తీసుకున్నారు. భారత అధినేత సంతకంతో కాంగో అధినేతకి రాసిన ఉత్తరం ఏదీ ఆయన జేబులో లేదు. అందుకే 1961 జనవరిలో కాసవుబు ఆయన్ని మార్చమని పట్టుబట్టినప్పుడు అడిగింది ఢిల్లీని కాదు, హామర్‌షోల్డ్‌ని. మే నెలలో దయాల్ ఆ బాధ్యత వదిలేశారు.

కాంగో వరుస నింపేటప్పుడు ఘనా సూత్రాలు సగమే పనిచేస్తాయి. అక్కడ అధినేత ఎవరన్నదానికి జవాబుంది: అధ్యక్షుడు కాసవుబు. ప్రభుత్వం ఎవరిదన్నదానికే లేదు. 1960 జూన్ 30న స్వతంత్రం. జులై 14న బెల్జియంతో సంబంధాలు తెగిపోయాయి, అంటే పాత పాలక దేశం మొదటి రాయబారి వాన్ డెన్ బాష్‌కి రెండు వారాలే దక్కాయి. సెప్టెంబర్ 5న కాసవుబు ప్రధాని లుముంబాని తొలగించాడు, నిన్నే తొలగిస్తున్నానని లుముంబా తిరిగి ప్రకటించాడు. 14న సైన్యం తరఫున మొబుటు జోక్యం, ఆ వెంటనే సోవియట్ ఎంబసీని సాగనంపారు.

ఘనా దౌత్యవేత్త వెల్బెక్ కథ ఈ గందరగోళానికి నిలువుటద్దం. వెళ్లిపొమ్మని నవంబర్‌లో కాసవుబు పక్షం చెప్పింది. ఆయన కదల్లేదు, ఎందుకంటే ఘనా దృష్టిలో చట్టబద్ధమైన ప్రభుత్వం లుముంబాది. నవంబర్ 21న కాంగో సైన్యం ఆయన ఇంటిని చుట్టుముట్టింది. లోపల కాపలా ఉన్నది ఐక్యరాజ్యసమితి తరఫు ట్యునీషియా సైనికులు. కాల్పులు జరిగాయి, కాంగో సైన్యం కల్నల్ కొకోలో చనిపోయాడు. ఆ తర్వాతే వెల్బెక్‌ని విమానం ఎక్కించారు. న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ కాసవుబు బృందానికి కాంగో సీటు ఇస్తూ ఓటు వేసింది కూడా దాదాపు అదే సమయంలో, 22న.

ఇదంతా వియన్నా ఒప్పందం రాకముందు జరిగింది. ఒప్పందం మీద సంతకాలు 1961 ఏప్రిల్ 18న, అమల్లోకి 1964 ఏప్రిల్ 24న. "వెల్బెక్ 9వ అధికరణం ఉల్లంఘించాడు" అని ఎక్కడో చదివి రాసేయకండి, అప్పటికి ఆ అధికరణమే లేదు. నచ్చని దౌత్యవేత్తని వెళ్లిపొమ్మనే హక్కు ఆచారంగా పాతదే. గొడవ ఆ హక్కు ఉందా లేదా అన్నది కాదు, దాన్ని వాడే అధికారం ఎవరిదని. మీ పట్టికలో కాంగోకి "ఎవరు గుర్తించారు" అన్న గడి తప్పనిసరి. 1960 డిసెంబర్ నుంచి స్టాన్లీవిల్ నగరంలో లుముంబా పక్షపు గిజెంగా నడిపిన పోటీ ప్రభుత్వం ఉంది, కొన్ని దేశాలు దాన్నే గుర్తించాయి.

సీలుకవరు:
ఫ్రెంచ్ వలసల వరుసలకి వచ్చేలోపు ఒక జాగ్రత్త. 1960లో ఒక్క ఆగస్టు నెలలోనే ఎనిమిది దేశాలకి స్వతంత్రం వచ్చింది. ఇన్ని చోట్లకి మనుషులు దొరక్క అమెరికా ఒకే మనిషిని నాలుగేసి దేశాలకి పంపింది. బోర్డెన్ రీమ్స్ మకాం అబిజాన్‌లో. ఆయనే ఐవరీ కోస్ట్, అప్పర్ వోల్టా (నేటి బుర్కినా ఫాసో), నైజర్, దహోమీ (నేటి బెనిన్)లకి రాయబారి. వెండెల్ బ్లాంకీ మకాం ఫ్రెంచ్ కాంగో రాజధాని బ్రాజవిల్‌లో, చాద్, గాబన్, మధ్య ఆఫ్రికా రిపబ్లిక్ కూడా ఆయనవే. ఒకే పేరు నాలుగు వరుసల్లో కనబడితే కాపీ తప్పనుకుని చెరపకండి. ప్రతి రాజధానిలోనూ విడిగా ఉత్తరం ఇవ్వాలి కాబట్టి తేదీలు నాలుగు ఉంటాయి. మకాం ఎక్కడో కూడా రాయండి.

గినీ వరుసలో "పదవి ముగింపు" గడి ఖాళీ వదలొద్దు. సోవియట్ రాయబారి సోలొద్‌ని 1961 డిసెంబర్‌లో సెకూ టూరే ప్రభుత్వం పంపేసింది. దాన్ని సర్దుబాటు చేయడానికి మరుసటి నెల సోవియట్ ఉప ప్రధాని మికోయాన్ అంతటివాడు గినీ రాజధాని కొనాక్రీ రావాల్సి వచ్చింది.

పట్టికరాత:
రీమ్స్‌ని నిజంగానే మూడు చోట్ల చెరిపేశాను, మళ్లీ పెడతాను. ఆఖరిది: బ్రిటన్‌తో ఘనా 1965 డిసెంబర్‌లో సంబంధాలు తెంచుకుంది కదా, రొడీషియాలో తెల్లవాళ్ల ప్రభుత్వం సొంతంగా స్వతంత్రం ప్రకటించుకున్న గొడవ మీద. 1966 మార్చిలో మళ్లీ కలిశారు. అప్పుడు వచ్చినవాళ్లని మళ్లీ "మొదటి" అనాలా?

కోటగుమ్మం:
అనకూడదు. సంబంధాలు తెగినా దేశం అదే, గుర్తింపు అలాగే ఉంటుంది. వియన్నా ఒప్పందం 45వ అధికరణం ప్రకారం భవనం, దస్త్రాలు కాపాడాల్సిన బాధ్యత ఆతిథ్య దేశానిది, మూడో దేశం ఎవరైనా వాటి మంచిచెడ్డలు చూడొచ్చు. గడిలో గీత గీసి "1965 డిసెంబర్ – 1966 మార్చి: సంబంధాలు లేవు" అని రాసి, వరుస సంఖ్య ఆగినచోటు నుంచే కొనసాగించండి. మధ్యలో ఫిబ్రవరి 24న సైనిక కుట్రలో ఎన్‌క్రుమా పదవి పోయింది. ఆ తేదీ కూడా పక్కన వేయండి, లేకపోతే మూడు నెలల్లోనే ఎందుకు కలిశారో ఎవరికీ అర్థం కాదు.