అడుగు బురదలో పీఏహెచ్‌లు: నాఫ్తలీన్ ఎక్కడ పోతోంది?

అందరికీ నమస్కారం. విశాఖ హార్బర్ అడుగు బురదలో పీఏహెచ్‌లు (నూనె, బొగ్గు మసి లాంటివాటిలో ఉండే బహువలయ హైడ్రోకార్బన్లు) కొలుస్తున్నాను. శాంపిల్ ఫ్రీజ్ డ్రై చేసి (గడ్డకట్టించి వాక్యూమ్‌లో ఆరబెట్టి), డైక్లోరోమీథేన్, హెక్సేన్ మిశ్రమంతో సాక్స్‌లెట్ (ద్రావణితో పదేపదే కడిగి పదార్థాలను బయటికి లాగే పరికరం) నడిపి, జీసీ-ఎంఎస్‌లో (వాటిని విడదీసి గుర్తించే యంత్రంలో) చూస్తున్నాను. ఆమ్లంతో కడిగిన రాగి పొడి వేశాక గంధకం బెడద లేదు. పైరీన్, క్రైసీన్ లాంటి బరువైనవి చక్కగా వస్తున్నాయి. అన్నిటికంటే తేలికైన నాఫ్తలీన్ మాత్రం, నష్టం తెలియడానికి తడి బురదలోనే కలిపిన డ్యూటీరియం (బరువు హైడ్రోజన్) రకంతో సహా, చాలావరకు మాయమవుతోంది.

ఫ్రీజ్ డ్రైయర్‌లోనే పోతోందా, చివర్లో నైట్రోజన్‌తో ద్రావణిని ఆవిరి చేసేటప్పుడు పోతోందా? ఎలా తేల్చుకోవాలి? ఇది చిన్న విషయం కాదు. తేలికవి పోతే ఓడల నూనె కూడా బొగ్గు మసిలా కనిపిస్తుంది, కాలుష్యం ఎక్కడిదో తప్పుగా చెప్పేస్తాం. ఫ్రీజ్ డ్రై మానేసి, తడి బురదను నేరుగా సోడియం సల్ఫేట్‌తో ఆరబెట్టినవాళ్లు ఉంటే మీ రికవరీ (కలిపినదాంట్లో తిరిగి దొరికిన శాతం) ఎంత వచ్చిందో దయచేసి చెప్పండి.