చిప్స్ దేనిలో వేయించారో దుకాణమే ముందుగా చెప్పాలా?

లీడ్స్ వాసి:
ఉత్తర ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో కుటుంబాలు నడిపే ఫిష్ అండ్ చిప్స్ దుకాణాలు చాలావరకు చేపనూ బంగాళాదుంప ముక్కలనూ బీఫ్ డ్రిప్పింగ్‌లో, అంటే కరిగించి వడగట్టిన గొడ్డు కొవ్వులో వేయిస్తాయి. దక్షిణ ఇంగ్లండులో వంటనూనె వాడకమే ఎక్కువ కనుక, అక్కడ అలవాటుపడి ఇటు మారిన మన విద్యార్థులు చిప్స్ శాకాహారమేనన్న నమ్మకంతో పార్సిల్ తెచ్చుకొంటున్నారు. దేనిలో వేయించారో అందరికీ కనిపించేలా రాసిపెట్టడం దుకాణదారు బాధ్యత కాదా?

షెఫీల్డ్ పాఠకుడు:
కాదనే నా అభిప్రాయం. ఇది ఉత్తరాదిన తరతరాలుగా వస్తున్న పద్ధతి. దీన్ని ఎవరూ దాచడం లేదు, కొన్ని దుకాణాలు గర్వంగా బోర్డు మీద రాసుకొంటాయి కూడా. ఆహార నియమాలు మనవి, కాబట్టి అడిగి తెలుసుకోవలసిందీ మనమే. ఉక్రెయిన్ యుద్ధం మొదలైన 2022లో వంటనూనె, గ్యాస్, కరెంటు ధరలు పెరిగి ఎన్నో చిన్న దుకాణాలు చితికిపోయాయి. అటువంటివారి మీద మరో నిబంధన మోపడం న్యాయం కాదు.

బ్రాడ్‌ఫర్డ్ పాఠకురాలు:
షెఫీల్డ్ పాఠకుడు గారూ, అడగాలంటే ముందు అనుమానం కలగాలి కదా. ఇంట్లో వేరుసెనగ నూనెతో చేసిన బంగాళాదుంప వేపుడు తిని పెరిగిన పిల్లవాడికి, మూకుడులో కాగుతున్నది జంతువుల కొవ్వు కావచ్చునని ఎలా తోస్తుంది? బ్రిటన్ చట్టం వివరం చెప్పి తీరాలన్న 14 అలర్జీ కారకాల్లో చేప, పాలు, గోధుమ వంటి ధాన్యాలు ఉన్నాయి గాని, గొడ్డు కొవ్వు లేదు. శాకాహారమని రాసి కొవ్వులో వేయిస్తే అది తప్పుదోవ పట్టించడమవుతుంది. ఏమీ రాయకపోతే ఆ తప్పు పట్టడం కష్టం. గొడ్డుమాంసం తినని హిందువులే కాదు, హలాల్ పాటించే ముస్లింలూ, శాకాహారులైన ఆంగ్లేయులూ ఈ మౌనం వల్ల నష్టపోతున్నారు.

కొవ్వు మానేయమని నేను కోరడం లేదు. ఆ రుచి కోసమే వచ్చేవారు ఎందరో ఉన్నారు. శాకాహారులకు వేరే మూకుడు పెట్టమనీ అనను, ఎందుకంటే శుక్రవారం చేప తినే పాత క్రైస్తవ ఆచారం వల్ల ఆ సాయంత్రం రద్దీకి ఉన్న మూకుళ్లే చాలవు. ఒక్క వాక్యం రాయడానికి మాత్రం ఖర్చు లేదు. పైగా ఇప్పుడు చాలామంది యాప్‌లో తెప్పించుకొంటున్నారు. అక్కడ అడుగుదామన్నా ఎదురుగా మనిషి ఉండడు.

షెఫీల్డ్ పాఠకుడు:
యాప్ విషయంలో మీ మాట ఒప్పుకొంటున్నాను. అయినా చట్టం దాకా వెళ్లకుండా, లీడ్స్‌లోనే ఉన్న చేప వేపుడు దుకాణదారుల జాతీయ సమాఖ్యకు లేఖ రాసి, సభ్యులకు సూచించమని కోరితే సరిపోతుంది.

బ్రాడ్‌ఫర్డ్ పాఠకురాలు:
లేఖ తప్పక రాద్దాం, నేనూ సంతకం చేస్తాను. కాని సమాఖ్యలో చేరని దుకాణాలూ, అదే కొవ్వు వాడే పబ్బులూ ఆ సూచన పరిధిలోకి రావు. అందుకే ఆ 14 పేర్లతో పాటు వేయించిన కొవ్వు పేరు కూడా చెప్పాలన్న నియమం కావాలంటున్నాను.